మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా
పసిబిడ్డల కామెర్లు – మన బాధ్యత (స్మారకోపన్యాస పాఠం)



ఈ ధర్మనిధి ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు ఏ విషయం ఎంచుకోవాలా అని నేను వెతుక్కోలేదు. గురువుగారు పసిపిల్లల వార్డులోకి రాగానే ముందు కిటికీ రెక్కలు తీయించేవారు. ట్యూబులైటు వెలుతురులో పసికందు ఒంటి రంగు చూసి మాట్లాడితే ఒప్పుకునేవారు కారు. బిడ్డ వయసు రెండు రోజులని చెబితే, గంటల్లో చెప్పమనేవారు. తల్లి రక్తం గ్రూపు కేసుషీటులో రాసి లేకపోతే, అది తెలిసేదాకా ఆ మంచం దగ్గరి నుంచి కదిలేవారు కారు. పగటి వెలుతురు, గంటల లెక్క, తల్లి రక్తం గ్రూపు – ఆయన పట్టుబట్టి నేర్పిన ఈ మూడూ పసిబిడ్డల కామెర్లకు సంబంధించినవే. ఆయన జ్ఞాపకార్థం జరిగే సభలో ఆ పాఠాన్నే మళ్లీ మననం చేసుకోవడం ఉచితమని నమ్ముతున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పసిబిడ్డల కామెర్లు ఎందుకు వస్తాయో మనకు తెలుసు. కొలిచే సాధనం ఉంది. తగ్గించే చికిత్స ఉంది, అది ఖరీదైనదీ కాదు. అయినా ఇంకా కొందరు బిడ్డలు ఈ కారణంగా వినికిడి పోగొట్టుకుంటున్నారు, కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పి బతుకుతున్నారు. కామెర్లు ముదిరే రోజుల్లో బిడ్డ ఆసుపత్రిలో ఉండదు, ఇంట్లో ఉంటుంది. ఆ రోజుల్లో బిడ్డను చూడవలసిన కళ్లు చూడడం లేదు. లోపమంతా అక్కడే ఉంది.

ఒళ్లు ఎందుకు పచ్చబడుతుంది?

నెలలు నిండి పుట్టిన పిల్లల్లో నూటికి 60 మందికి, నెలలు నిండకుండా పుట్టిన వారిలో నూటికి 80 మందికి మొదటి వారంలో ఒళ్లు పచ్చబడుతుంది. ఇంత ఎక్కువమందికి వచ్చేది జబ్బెలా అవుతుందని తల్లులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. చాలామందిలో ఇది జబ్బు కాదు.

కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు మాయ ద్వారా అందే ఆక్సిజన్ పరిమితం. ఉన్నదంతా పట్టుకోవడానికి బిడ్డ ఒంట్లో ఎర్ర రక్తకణాలు ఎక్కువగా ఉంటాయి. భూమ్మీద పడి ఊపిరి తీయగానే ఆ అదనపు కణాల అవసరం తీరిపోతుంది. పైగా పెద్దల ఎర్రకణాలు 120 రోజులు బతికితే పసిబిడ్డవి 90 రోజులకు అటూఇటూగా విరిగిపోతాయి. విరిగిన కణాల్లోని హిమోగ్లోబిన్ నుంచి పుట్టే పసుపు పదార్థమే బిలిరుబిన్. ఒక్కో కిలో బరువుకు పెద్దల్లో రోజుకు 3, 4 మిల్లీగ్రాములు తయారైతే, పసిబిడ్డలో 6 నుంచి 10 మిల్లీగ్రాముల దాకా తయారవుతుంది.

ఇలా తయారైన బిలిరుబిన్ నీటిలో కరగదు. కాలేయం దాన్ని కరిగే రూపంలోకి మార్చి, పైత్యరసంతో పాటు పేగుల్లోకి పంపాలి. ఆ మార్పు చేసే ఎంజైముకు పుట్టిన కొత్తలో బలం చాలదు. పేగుల్లోకి చేరినదంతా బయటికి పోతుందా అంటే అదీ లేదు. బిడ్డకు పాలు చాలక, మొదటి నల్లటి విరేచనం ఆలస్యమైతే, పేగుల్లోని బిలిరుబిన్ మళ్లీ రక్తంలోకి చేరుతుంది. తొట్టిలోకి నీళ్లు ధారగా పడుతూ, అడుగున తూము సగమే తెరిచి ఉంటే మట్టం ఎలా పెరుగుతుందో అలాంటిదే ఇది. నాలుగైదు రోజులు గడిచేసరికి కాలేయం పుంజుకుంటుంది, పాలు కుదురుతాయి, మట్టం దిగుతుంది.

అందువల్ల మామూలు కామెర్లు రెండో రోజో మూడో రోజో కనిపిస్తాయి, మూడు నుంచి ఐదు రోజుల మధ్య పతాకస్థాయికి చేరతాయి, నెలలు నిండిన బిడ్డలో రెండు వారాల్లోపు పోతాయి. ఈ కాలక్రమం గుర్తుంటే సగం వైద్యం తెలిసినట్టే. క్రమం తప్పిన ప్రతి కామెర్లనూ అనుమానించాలి.

క్రమం తప్పే కామెర్లు

పుట్టిన 24 గంటల్లోపే ఒళ్లు పచ్చబడితే అది మామూలుది కాదు. రక్తకణాలు వేగంగా విరుగుతున్నాయని అర్థం. తల్లి ఆర్‌హెచ్ నెగటివ్, బిడ్డ పాజిటివ్ అయితే, తల్లి రక్తంలోని యాంటీబాడీలు మాయ దాటి వచ్చి బిడ్డ కణాలను విరగ్గొడతాయి. తొలిచూలు బిడ్డ సాధారణంగా తప్పించుకుంటుంది, మలిచూలు బిడ్డ చిక్కుకుంటుంది. తల్లిది ఓ గ్రూపు, బిడ్డది ఏ లేదా బి గ్రూపు అయితే తొలిచూలులోనే ఇబ్బంది రావచ్చు, కాకపోతే ఆ తీవ్రత సాధారణంగా తక్కువ. మనలో ఆర్‌హెచ్ నెగటివ్ వాళ్లు సుమారు నూటికి ఐదుగురు. ఆర్‌హెచ్ నెగటివ్ తల్లికి గర్భంలో 28వ వారంలోను, బిడ్డ పాజిటివ్ అని తేలితే కాన్పైన 72 గంటల్లోపు మరోసారి యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తే, తర్వాతి కాన్పులో బిడ్డకు ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది. 1968 నుంచి అందుబాటులో ఉన్న మందు ఇది. గర్భస్రావం అయినప్పుడు కూడా ఇది అవసరమని చాలా కుటుంబాలకు ఎవరూ చెప్పడం లేదు.

రెండో కారణం జీ6పీడీ అనే ఎంజైము లోపం. ఎర్రకణాన్ని కాపాడే ఈ ఎంజైము కొందరిలో పుట్టుకతోనే తక్కువ. మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. అలాంటి బిడ్డకు కలరా ఉండల వాసన తగిలినా చాలు, కణాలు ఒక్కసారిగా విరిగిపోవచ్చు. మన ఇళ్లలో పెద్దపిల్లల చిన్నప్పటి బట్టలు, పాత చీరలు పెట్టెలో కలరా ఉండలు వేసి దాచి, కొత్త బిడ్డ పుట్టగానే తీసి చుట్టబెట్టడం మామూలే. ప్రేమతో చేసే పని. కానీ ఆ బట్టలు పసిబిడ్డ ఒంటికి తగలకూడదు. పురిటికి ముందే ఇంటింటా చెప్పవలసిన మాట ఇది.

35, 36 వారాలకే పుట్టిన పిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బరువు బాగానే ఉంటుంది, చూడడానికి నెలలు నిండినట్టే ఉంటారు. కానీ కాలేయం పరిపక్వం కాలేదు, పాలు పట్టుదలగా తాగే శక్తి లేదు. కాన్పు సమయంలో తల మీద రక్తం గడ్డకట్టిన బిడ్డలు, ఇన్ఫెక్షన్ సోకిన బిడ్డలు, అంతకుముందు అన్నకో అక్కకో కామెర్లు తగ్గించే లైట్ల చికిత్స అవసరమైన కుటుంబంలోని బిడ్డలు కూడా ముప్పు ఎక్కువున్న ఈ కోవలోకే వస్తారు.

రెండు వారాలు దాటినా తగ్గని కామెర్లది మరో దారి. తల్లిపాలు బాగా తాగి బరువు పెరుగుతున్న బిడ్డలో అవి కొన్ని వారాలు కొనసాగినా ప్రమాదం లేకపోవచ్చు. కానీ విరేచనం సుద్దలా తెల్లగా వస్తూ, మూత్రం గుడ్డకు పసుపు మరక వేస్తుంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు. పైత్యనాళాలు మూసుకుపోయిన బిడ్డ కావచ్చు. జపాన్ శస్త్రవైద్యుడు మోరియో కసాయ్ పేరుతో పిలిచే ఆపరేషన్ 60 రోజుల వయసులోపు జరిగితేనే మంచి ఫలితం ఉంటుంది. విరేచనం రంగు చూడడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. తల్లికి చెబితే చాలు.

మెదడుకు చేరితే

రక్తంలో బిలిరుబిన్ ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని తిరుగుతుంది. హద్దు దాటితే విడిగా మిగిలిపోయినది మెదడులోకి చొచ్చుకుపోతుంది. కదలికలను నడిపే కేంద్రాలు, వినికిడి కేంద్రాలు ముందుగా దెబ్బతింటాయి. మొదట బిడ్డ మందకొడిగా ఉంటుంది, పాలు సరిగా చీకదు. తర్వాత సన్నని కీచు గొంతుతో ఏడుస్తుంది, వెన్ను వెనక్కి విల్లులా వంచుతుంది. అప్పటికే చాలా ఆలస్యం అయినట్టు. బతికి బయటపడిన బిడ్డకు చెవుడు, అదుపులేని కదలికలు జీవితాంతం మిగిలిపోవచ్చు. దీన్నే కెర్నిక్టెరస్ అంటారు. అలాంటి బిడ్డల్లో చాలామందికి తెలివితేటలు చెక్కుచెదరవు. అన్నీ అర్థమవుతూ, ఒళ్లు మాట వినని స్థితి అది. కొద్ది రోజులపాటు చూడవలసినంతగా చూసి ఉంటే రాకుండా ఉండే స్థితి.

ఒక నర్సు చూపు

కామెర్లను కాంతితో తగ్గించే చికిత్స చరిత్ర ఇంగ్లండులో ఎసెక్స్ ప్రాంతంలోని రోచ్‌ఫోర్డ్ జనరల్ ఆసుపత్రిలో మొదలైంది. 1956 వేసవి. నెలలు నిండని పిల్లల వార్డు సిస్టర్ జీన్ వార్డ్ గారి అధీనంలో ఉండేది. గాలీ వెలుతురూ పిల్లలకు మేలు చేస్తాయని ఆమె నమ్మకం. ఎండ బాగున్న రోజుల్లో పిల్లలను ఆవరణలోకి తీసుకువెళ్లేది. ఒకరోజు డాక్టర్లు రౌండ్సుకు వచ్చినప్పుడు ఒక బిడ్డను విప్పి చూపించింది. ఒళ్లంతా పసుపు తగ్గి పాలిపోయి ఉంది. దుప్పటి మూల కప్పిన చోట మాత్రం ముక్కోణంలా ముదురు పసుపు మిగిలి ఉంది. ఎండ తగిలిన చోట కామెర్లు తగ్గాయని ఆమె గ్రహించింది. ఆ తర్వాత కొన్ని వారాలకు, కిటికీ గట్టు మీద ఎండలో ఉండిపోయిన రక్తం నమూనాలో బిలిరుబిన్ అనుకున్నదానికంటే తక్కువ వచ్చింది. డాక్టర్ క్రెమర్, జీవరసాయన శాస్త్రవేత్త పెరీమన్, డాక్టర్ రిచర్డ్స్ ఈ రెండింటినీ కలిపి ఆలోచించి, ట్యూబులైట్లతో ఒక ఉయ్యాల తయారుచేసి, 1958లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. అమెరికాలో వెర్మాంట్‌కు చెందిన జెరాల్డ్ లూసీ బృందం 1968లో ప్రచురించిన అధ్యయనం తర్వాత ఈ పద్ధతి లోకమంతా వ్యాపించింది.

అంతకుముందు తీవ్రమైన కామెర్లకు ఉన్న దారి రక్తమార్పిడి ఒక్కటే. బొడ్డు సిర ద్వారా బిడ్డ రక్తాన్ని కొద్దికొద్దిగా తీస్తూ, దాత రక్తాన్ని ఎక్కిస్తూ గంటల తరబడి చేసే పని. ఈనాటికీ కొందరికి అది తప్పదు. కానీ నీలికాంతి ఆ అవసరాన్ని ఎంతగానో తగ్గించింది. 460 నుంచి 490 నానోమీటర్ల మధ్య ఉండే నీలికాంతి చర్మంలోని బిలిరుబిన్ ఆకారాన్ని మార్చేస్తుంది. మారినది కాలేయం మార్చే పని లేకుండానే పైత్యంలోను, మూత్రంలోను వెళ్లిపోతుంది.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది, మొదట గమనించింది పగలూరాత్రీ బిడ్డల దగ్గర ఉన్న నర్సు కావడం. బిడ్డకు దగ్గరగా ఉన్నవారి మాటను వైద్యశాస్త్రం చెవినపెట్టింది కాబట్టే ఈ చికిత్స పుట్టింది. మన ఆసుపత్రుల్లో నర్సమ్మ మాటకు, ఊళ్లలో ఆశా అక్క మాటకు, ఇంట్లో బాలింత మాటకు అంత విలువ దక్కుతోందా అని మనల్ని మనం అడగాలి.

మరి ఎండలో పెడితే చాలదా?

మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. చాలదు. ఎండలో నీలికాంతితో పాటు చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాలు, ఒంటిని వేడెక్కించే కిరణాలు కూడా ఉంటాయి. కాంతి పనిచేయాలంటే బిడ్డ ఒంటి మీద బట్ట ఉండకూడదు, గంటల తరబడి కాంతి పడాలి. అంతసేపు ఎండలో పెడితే బిడ్డ కమిలిపోతుంది, నీరసిస్తుంది. పొద్దున పది నిమిషాలు చూపిస్తే కామెర్లు తగ్గవు. 2015లో ప్రచురితమైన నైజీరియా అధ్యయనంలో ఎండ పనిచేసింది నిజమే. కానీ హానికర కిరణాలను వడగట్టే ప్రత్యేక పొరల పందిరి కింద, సిబ్బంది ఎప్పటికప్పుడు బిడ్డ ఒంటి వేడి చూస్తుండగా జరిగింది. మన వరండాలో ఆ ఏర్పాటు లేదు. ఎండ చేసే అసలు నష్టం కాలయాపన. “ఎండలో పెడుతున్నాం, తగ్గుతుందిలే” అనుకుంటూ నాలుగో రోజు గడిచిపోతుంది.

పసరు పోయించడం, చురకలు పెట్టించడం, గ్లూకోజు నీళ్లు పట్టడం ఇంకా పూర్తిగా పోలేదు. పసరు పసికందు కడుపుకు చేటు. చురక వల్ల మిగిలేది పుండు, ఇన్ఫెక్షన్. గ్లూకోజు నీళ్లు తాగిన బిడ్డ ఆ మేరకు పాలు తాగదు, విరేచనం కాదు, బిలిరుబిన్ పెరుగుతుంది. బాలింతకు పథ్యం పెట్టి పసుపు, పప్పు మాన్పించడం వల్ల బిడ్డ కామెర్లకు ఒరిగేదేమీ లేదు. తల్లి కడుపునిండా తినాలి. ముర్రుపాలతో మొదలుపెట్టి రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వాలి. లైట్ల కింద ఉన్నా పాలు ఆపనక్కర్లేదు.

మరొక మాట పెద్దవాళ్లకు చెప్పాలి. పురిటి గదిలో తలుపులు మూసి, తెరలు దించి, బిడ్డ ఒంటికి పసుపు కలిపిన నలుగు పెడతాం. ఆ గదిలో, ఆ ఒంటి మీద కామెర్లు ఎవరికి కనిపిస్తాయి? మొదటి వారం రోజులు పసుపు మానండి. రోజుకొకసారి బిడ్డను కిటికీ దగ్గరికి తెచ్చి, నుదుటి మీద, ఛాతీ మీద వేలితో నొక్కి వదిలి చూడండి. అరచేతులు, అరికాళ్లు పచ్చగా ఉంటే మరుక్షణం బయలుదేరండి.

అంకె ఒక్కటే చాలదు

“జాండిస్ 12 ఉందట, ఫరవాలేదా?” అని ఫోనులో అడుగుతారు. బిడ్డ వయసు ఎన్ని గంటలో తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం 38 వారాలు నిండి పుట్టిన బిడ్డకు 24 గంటల వయసులో సుమారు 12 మిల్లీగ్రాములకే లైట్లు మొదలుపెట్టాలి. అదే బిడ్డ 96 గంటలు దాటితే ఆ హద్దు సుమారు 20. నెలలు తక్కువైన కొద్దీ హద్దు తగ్గుతుంది. ఒకే అంకె ఒక బిడ్డకు అభయం, మరో బిడ్డకు ప్రమాదం. భారతీయ సంతతికి చెందిన వైద్యుడు వినోద్ భుటానీ, ఆయన సహచరులు 1999లో గంటల వారీ పట్టికను ప్రచురించి ఈ సంగతిని ప్రపంచానికి స్పష్టం చేశారు.

కంటిచూపుతో అంచనా వేయడం అనుభవజ్ఞులకు కూడా నమ్మదగినది కాదు, చామనఛాయ ఒంటి మీద మరీ కష్టం. కన్ను చేసేది అనుమానించడం, పరికరం చేసేది తేల్చడం. చర్మానికి ఆనించి చూసే మీటరు ఉంది, అవసరమైతే రక్తపరీక్ష ఉంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ప్రతి బిడ్డకూ 24 నుంచి 48 గంటల మధ్య, అంతకుముందే ఇంటికి పంపేటట్టయితే పంపే ముందు, బిలిరుబిన్ కొలవాలి. కూతురి పురుడుకో కోడలి పురుడుకో అక్కడికి వెళ్లివచ్చిన మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఇది చూసే ఉంటారు. అక్కడి మనవడికి జరిగినది ఇక్కడి మనవరాలికి కూడా జరగాలి.

మధ్యలో జారిపోయే రోజులు

మన వ్యవస్థలో మంచి ఏర్పాట్లు లేకపోలేదు. జిల్లా ఆసుపత్రుల్లో పసిబిడ్డల ప్రత్యేక చికిత్స విభాగాలు (ఎస్‌ఎన్‌సీయూలు) ఉన్నాయి, వాటిలో లైట్లున్నాయి. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద జబ్బుపడిన పసిబిడ్డకు చికిత్స, ప్రయాణం ఉచితం. ఆశా కార్యకర్త ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డను చూస్తుంది.

ఇప్పుడు ఈ రోజులను కామెర్ల కాలక్రమం పక్కన పెట్టి చూడండి. మామూలు కాన్పైన తల్లి రెండు రోజులకే ఇంటికి వెళ్తుంది. ఆశా మూడో రోజు వస్తుంది, మళ్లీ ఏడో రోజు వస్తుంది. కామెర్లు పతాకస్థాయికి చేరే నాలుగు, ఐదు రోజులు ఈ రెండింటి మధ్యలో జారిపోతున్నాయి. పైగా తల్లి పుట్టింట్లో ఉంటుంది. పేరు అత్తగారి ఊళ్లో నమోదై ఉంటుంది. ఏ ఊరి ఆశా రావాలో తేలేసరికి వారం గడుస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో నూటికి 60, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. ఆ తల్లులు ఆసుపత్రిలో మరికొన్ని రోజులుంటారు, అది కలిసొచ్చే సంగతే. కానీ వారికి పాలు కుదరడం ఆలస్యమవుతుంది, ఆ లోటు కామెర్లను పెంచుతుంది.

దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు. ప్రతి కాన్పు ఆసుపత్రి కొన్ని నియమాలు పాటిస్తే చాలు. తల్లి రక్తం గ్రూపు, అవసరమైన చోట బిడ్డ గ్రూపు తెలియకుండా డిశ్చార్జి చేయకూడదు. బిలిరుబిన్ కొలవకుండా పంపకూడదు. డిశ్చార్జి కాగితం మీద ఆ అంకెను, అప్పటికి బిడ్డ వయసును గంటల్లో రాయాలి. మళ్లీ ఎప్పుడు చూపించాలో “అవసరమైతే రండి” అని కాకుండా తేదీ వేసి రాయాలి. ఆ తేదీన బిడ్డ రాకపోతే ఫోను చేసి పిలిచే బాధ్యత ఒకరికి అప్పగించాలి. లైట్లు ఉన్న చోట వాటి తీవ్రతను మీటరుతో కొలవాలి. నీలంగా వెలుగుతున్నంత మాత్రాన లైటు చికిత్స చేస్తున్నట్టు కాదు. బిడ్డకు కళ్లగంతలు కట్టి, డైపరు మాత్రం ఉంచి, వీలైనంత ఒంటి మీద కాంతి పడేలా చూడాలి. లైట్లు ఆపిన తర్వాత బిలిరుబిన్ తిరిగి పెరగలేదని నిర్ధారించుకోవాలి.

ప్రభుత్వానికి నా విన్నపం: ఆశా అక్కల సందర్శనల్లో ఐదో రోజును చేర్చండి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చర్మం మీద కొలిచే ఒక మీటరు ఇవ్వండి. పుట్టింటి ఊరికి వెళ్లిన బాలింత వివరాలు అదే రోజు ఆ ఊరి ఆశాకు చేరే ఏర్పాటు చేయండి.

యువవైద్యులకు నా మాట: తల్లి “బిడ్డ సరిగా పాలు తాగడం లేదండీ, ఊరికే పడుకుంటోంది” అంటే “పసిపిల్లలు పడుకోరా?” అని పంపేయకండి. ఆ మాటలోనే మొదటి ప్రమాద సూచన ఉంది.

తల్లిదండ్రులకు, తాతయ్యలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు నా అభ్యర్థన: మొదటి రోజే పసుపు కనిపించినా, అరచేతులు అరికాళ్లు పచ్చబడినా, బిడ్డ పాలు మానినా, విరేచనం తెల్లబడినా తెల్లవారేదాకా ఆగకండి. అన్నీ బాగున్నా మూడో రోజు నుంచి ఐదో రోజు లోపు ఒకసారి బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లి బిలిరుబిన్ కొలిపించండి. కామెర్ల వల్ల ఏ తెలుగు బిడ్డా చెవుడుతోనో అవిటితనంతోనో బతకనక్కర్లేదు. దానికి కావలసినవన్నీ మన చేతిలోనే ఉన్నాయి. ఆ పని చేద్దాం. గురువుగారికి మనం ఇవ్వగల నివాళి అదే.